రత్నాంబ పాఠాలు

రొట్టెలు కాలుస్తూ శ్యామల అన్న మాటలను ఆమె భర్త రాజేశం ఫోనులో రాసుకున్నాడు. రాసుకుంటున్నాడని ఆమెకు అప్పుడు తెలియదు. ఎవరికో మెసేజ్ పెడుతున్నాడనుకుంది.

ఏడున్నరకు సీరియల్ వస్తుంది. టీవీ హాల్లో ఉంటుంది. స్టవ్వును గట్టు చివరకు జరుపుకుని నిలబడితే వంటింట్లోంచి తెర సగం కనిపిస్తుంది. మిగతా సగం వినాలి. ఆ సగం తెరలోనే శ్యామల రెండేళ్లుగా రత్నాంబను చూస్తోంది. రత్నాంబ ఆ సీరియల్లో విలన్. భర్త చనిపోయాక నాలుగు బియ్యం మిల్లులను తన చేతిలోకి తీసుకుని, మరుదులను, తోడికోడళ్లను ఆడిస్తుంటుంది. కథానాయిక మంచిది. ఎప్పుడూ ఏడుస్తుంటుంది. శ్యామలకు ఆమె పేరు కూడా గుర్తుండదు.

"చూసినవా, రత్నాంబ చెప్పిన మాట రెండోసారి చెప్పదు," అంది ఆ రోజు, రొట్టె తిప్పుతూ. "మల్ల అడిగినోని మొకం దిక్కు చూస్తది. గంతే, ఉరికి చేస్తడు."

"ఊఁ," అన్నాడు రాజేశం.

"మనమేమో నాలుగుసార్లు చెప్పి, అయిదోసారి మనమే చేసుకుంటం."

దానికి ఆయన ఊఁ కూడా అనలేదు. "రొట్టె మాడుతున్నది చూడు," అంది అత్త కిష్టవ్వ మంచం మీది నుంచి.

రాజేశం కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాడు. కిందటేడు నుంచి ఆదివారాలు అదే కాలేజీ హాల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసులు మొదలుపెట్టాడు. శనివారం రాత్రి శ్యామల ఆయన కోటు ఇస్త్రీ చేస్తుంది. క్లాసులో ఆయన ఏం చెబుతాడో ఆమె ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం తను పనిచేసే కుట్టు కేంద్రంలో శ్యామల అన్నం తింటుంటే, అక్కడే కుట్టే సృజన పక్కన కూర్చుని తన ఫోను ముందుకు పెట్టింది.

"అక్కా, మన సార్ క్లాస్ ఇన్నవా? నేను ముందటి వరుసల్నే కూసున్న."

ఫోనులో రాజేశం కోటు వేసుకుని మైకు పట్టుకున్నాడు. వెనక తెర మీద 'ప్రతినాయకుల నుంచి తొమ్మిది నాయకత్వ పాఠాలు' అని ఉంది. మొదటి పాఠం, చెప్పిన మాట రెండోసారి చెప్పకు. రెండో పాఠం, మిగతావాళ్లు నిలబడ్డప్పుడు నువ్వు కూర్చో. మూడోది, నీకు తెలిసిందంతా చెప్పకు, సగం దాచుకో. నాలుగోది, తప్పు నీ చేతికి అంటనీయకు, కిందివాళ్ల చేతిలోనే ఉండనీ. శ్యామల అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవి రత్నాంబ గురించి తను అన్న మాటలు. కొన్ని పిండి పిసుకుతూ, కొన్ని గిన్నెలు తోముతూ అన్నది. నాలుగోది కిష్టవ్వ కాళ్లకు నూనె రాస్తూ అన్నది, తనకు బాగా గుర్తు.

"మా ఇంట్ల సీరియల్ పెడితే ఆడోళ్ళు ఏడుస్తరు," అంటున్నాడు ఫోనులో రాజేశం. "నేను ఏడ్వలే. నేర్చుకున్న." హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది.

ఆమెకు మొదట వచ్చింది కోపం కాదు. కోపమయితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, అది పొయ్యి ఆర్పేలోపు పోతుంది. ఇది పోలేదు. ఆయన మాట్లాడుతుంటే రెండువందల మంది నోరు మూసుకుని వింటున్నారు. ఎవరూ లేచి నీళ్లు అడగలేదు. ఎవరూ మధ్యలో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందని అడగలేదు. తన పదిహేడేళ్ల కాపురంలో ఒక మాట మొదలుపెట్టి, పక్క గదిలోంచి ఎవరో పిలవకుండా దాని చివరికి చేరిన రోజు ఒక్కటి కూడా ఆమెకు జ్ఞాపకం రాలేదు. ఆ మాటలు తనవి అయినా, హాలు ఆయనది. ఆ నిశ్శబ్దం ఆయనది. ఆమెకు ఆ నిశ్శబ్దం కావాలనిపించింది, పక్కింట్లో వండిన కూర వాసన వస్తే తినాలనిపించినట్టు, సిగ్గు లేకుండా.

సాయంత్రం అడిగింది. "అవి నేనన్న మాటలు గదా."

"నువ్వు అన్నవా? నువ్వు సీరియల్ ముచ్చట పెట్టినవ్. దాన్ని పాఠం చేసింది నేను," అన్నాడు రాజేశం. "పిండి ఎవలదైతే ఏంది, రొట్టె చేసినోళ్ళదే రొట్టె."

రొట్టె చేసినవాళ్లదే అన్న మాట ఆ ఇంట్లో ఆమె మొదటిసారి విన్నది. రోజూ పదిహేను చేస్తుంది. చివరి రెండు, చల్లారాక, ఆమెవి.

కేంద్రంలో ముప్పైనాలుగు మంది ఆడవాళ్లు సర్కారు బడుల పిల్లలకు యూనిఫాంలు కుడతారు. జూన్‌లో బడులు తెరిచేలోపు అన్నీ అందాలి. పాత ఇన్‌చార్జి మార్చిలో మానేసింది. మహిళా సంఘాల పని చూసే ఆఫీసరు రోజారాణి మేడం వచ్చి, శ్యామల పన్నెండేళ్లుగా ఇక్కడ ఉందని, సృజన డిగ్రీ చదివిందని, పదిహేను రోజులు ఒకరు, పదిహేను రోజులు ఒకరు చూడమని, ఆ తర్వాత అందరూ కలిసి ఒకరిని ఎన్నుకోమని చెప్పి పోయింది.

శ్యామలకు ఆ పని కావాలి. ఎవరితోనూ అనలేదు కానీ కావాలి. ఆ గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ ఉన్నాయి. బట్ట ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ రోజు ఏది పూర్తి కావాలో ఆ బల్ల దగ్గర నిర్ణయిస్తారు. పన్నెండేళ్లు అక్కడికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది. ఒకసారి అక్కడ కూర్చుని మాట్లాడితే, ఎదుటివాళ్లు చివరిదాకా వింటారు.

మొదటి పదిహేను రోజులు ఆమెవి. ఆ పదిహేను రోజులూ కుర్చీలో కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. చెప్పిన మాటే నాలుగుసార్లు చెప్పింది. ఎవరికన్నా చేయి నొప్పి అంటే వాళ్ల వంతు బట్ట కట్ట తను కుట్టింది. కుండలో నీళ్లు అయిపోతే తనే నింపింది. పని సాగింది, కానీ ఆమె ఇన్‌చార్జి అని ఎవరికీ అనిపించలేదు, ఆమెకు కూడా. రత్నాంబ గురించి తొమ్మిది సంగతులు కనిపెట్టిన మనిషి వాటిలో ఒక్కటీ చేయలేకపోయింది.

తర్వాత సృజన వంతు. ఇరవై ఆరేళ్ల పిల్ల. పవర్‌లూమ్ నడిపే పరశురాములు కూతురు. మొదటిరోజే కుర్చీని గది మధ్యకు వేయించుకుని కూర్చుంది. "కట్ట కట్టకు ఒక్క మనిషి కాదు ఇగ. చేతులు కుట్టేటోళ్ళు చేతులే కుట్టాలె, కాలర్లు కుట్టేటోళ్ళు కాలర్లే కుట్టాలె," అంది. ఎవరో మళ్లీ చెప్పమన్నారు. సృజన ఆమె ముఖం వైపు చూసింది. చూస్తూ ఊరుకుంది. అడిగినామె లేచి వెళ్లి పనిలో కూర్చుంది.

శ్యామల మిషన్ తొక్కడం ఆపి చూసింది. ఆ చూపు ఆమెకు తెలుసు. అరసెకను ఎక్కువ, కనురెప్ప వేయకుండా. సగం తెరలో రెండేళ్లు చూసి, మాటల్లో పెట్టి, వంటింట్లో అన్నది తను. ఆ మాట రాజేశం ఫోనులోకి పోయి, హాల్లోకి పోయి, ముందు వరుసలో కూర్చున్న ఈ పిల్ల పుస్తకంలోకి పోయి, ఇప్పుడు తన మీదికే వచ్చింది. పైగా పని చేస్తోంది. వారం తిరగకుండా రోజుకు ముప్పై చొక్కాలు ఎక్కువ తేలాయి. "పిల్ల గట్టిది," అన్నారు ఆడవాళ్లు. ఇంట్లో రాజేశం కూడా అన్నాడు, "ఆ సృజన ఉన్నది చూడు, ఒక్కసారి చెప్తే పట్టుకుంటది. నీతోని ఆ పని కాదే శ్యామలా, నీకు మెత్తదనం ఎక్కువ. మా అవ్వను చూసుకోవాలె, ఇల్లు చూసుకోవాలె. ఎందుకు చెప్పు పరేషాన్?"

మధ్యాహ్నం సృజన డబ్బా తెరిస్తే నాలుగు గిన్నెలు ఉంటాయి. వాళ్ల అమ్మ పొద్దున్నే లేచి వండి పెడుతుంది. వాటిలో ఏముందో సృజనకు మూత తీసేదాకా తెలియదు. శ్యామలకు అన్నిటికంటే ఎక్కువగా అక్కడ కాలింది. మూత తీసి, ఇవాళ ఏం కూర అని ఆశ్చర్యపోవడం పెళ్లయ్యాక ఆమె ఎరగదు.

పదమూడో రోజున చీటీల సంగతి జరిగింది. కత్తిరించిన బట్ట సైజు ప్రకారం కట్టలుగా వస్తుంది. ప్రతి కట్టలో సైజు చీటీ ఉంటుంది. పాత పద్ధతిలో ఒక కట్ట ఒకామె చేతికి పోయేది, చొక్కా అంతా ఆమే కుట్టేది, కాబట్టి కలిసిపోయేది కాదు. సృజన కట్టలన్నీ విప్పించి చేతులన్నీ ఒకచోట, ముందు భాగాలన్నీ ఒకచోట కుప్పలు పోయించింది. కుప్ప మీద చీటీ పెట్టింది. ముప్పైరెండు సైజుకు, ముప్పైనాలుగుకు తేడా చూపుకు ఆనదు. సృజన ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లినప్పుడు ఫ్యాను గాలికి చేతుల కుప్పల మీది రెండు చీటీలు లేచి కిందపడ్డాయి. సృజన తిరిగొచ్చి వాటిని ఏరి కుప్పల మీద పెట్టింది. తారుమారుగా పెట్టింది.

శ్యామల చూసింది. ఆమె కుర్చీకి ఆరడుగుల దూరంలో ఉంది. "చీటీలు మారినయి" అంటే రెండు మాటలు. నోటిదాకా వచ్చాయి. అప్పుడు మూడో పాఠం గుర్తొచ్చింది. తనదే ఆ పాఠం, నీకు తెలిసిందంతా చెప్పకు. ఈ తొమ్మిదింట్లో ఒక్కటన్నా నేను చేయగలనా అనుకుంది. చేసింది. తల వంచుకుని మిషన్ తొక్కింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆమెకు ఒళ్లు తేలికగా ఉంది. ఆ తేలికదనం చూసి ఆమెకే భయమేసింది, అయినా బాగుంది.

చొక్కాలకు చేతులు అతికించే పని సమ్మవ్వది. అరవై రెండేళ్లు ఉంటాయి. చేయి చిన్నదయి చంకకు సరిపోవడం లేదని ఆమెకు రెండో చొక్కాకే తెలిసింది. లేచి వెళ్లి, "బిడ్డా, ఇవి జర చిన్నగైతున్నయే," అంది. సృజన ఆమె ముఖం వైపు చూసింది. సమ్మవ్వ తిరిగొచ్చి కూర్చుని, బట్టను లాగి, సాగదీసి, కుట్టింది. రెండు రోజులు అలాగే కుట్టింది. నూటడెబ్బై చొక్కాలు.

మూడో రోజు ఇస్త్రీ బల్ల దగ్గర తెలిసింది. చంకలన్నీ ముడతలు పడి పైకి లేచి ఉన్నాయి. సృజన ఒక చొక్కా ఎత్తి చూసింది. ముఖం తెల్లబోయింది. కానీ కుర్చీలోంచి లేవలేదు. "ఎవలు కుట్టిండ్రు ఇవి?" అంది.

"నేనే," అంది సమ్మవ్వ.

"కండ్లు కనపడకుంటే చెప్పాలె గదా అవ్వా. మేడంకు ఏం చెప్పాలె ఇప్పుడు? కుట్లన్నీ నువ్వే విప్పు."

నాలుగో పాఠం. శ్యామలకు తన గొంతే వినిపించినట్టయింది.

సమ్మవ్వ కిటికీ దగ్గర కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. విప్పిన పనికి కూలి ఉండదు. దారం కనపడక చొక్కాను కంటి దగ్గరికి తెచ్చుకుంటోంది. శ్యామల వెళ్లి పక్కన కూర్చుని ఒక చొక్కా తీసుకుంది. "నువ్వెందుకే, నీ పని చూసుకో. నాది నేను చేసుకుంట," అంది సమ్మవ్వ. తర్వాత మెల్లగా అడిగింది, "శ్యామలా, నేను అడిగిన గదా ఆమెను? అడగలేదంటవా? నాకే యాదిలేదా ఏంది?"

"అడిగినవ్ అవ్వా," అంది శ్యామల.

రాత్రి అన్నాలయ్యాక రాజేశంకు చెప్పింది. ఇలాంటివి ఆమె ఆయనకు చెప్పి చాలా ఏళ్లయింది. చీటీలు మారడం, తను చూడడం, చెప్పకపోవడం, సమ్మవ్వ బ్లేడు, అన్నీ. "రేపు మీటింగ్ ఉన్నది. మేడం వస్తది. చెప్పేస్తే నాకు ఆ పని రాదు. చెప్పకుంటే వస్తదేమో. సృజన పేరు చెడింది గదా."

ఆయన ఈసారి పూర్తిగా విన్నాడు. నీళ్లు అడగలేదు. ఆమె చెప్పిందంతా అయ్యేదాకా ఆమె వైపే చూశాడు. ఇన్నాళ్లూ తను కోరుకున్నది ఇదేనా అని ఆమెకు ఒక క్షణం అనిపించింది.

"చెప్పకు," అన్నాడు. "విలన్ ఎప్పుడన్న నేనే చేసిన అని ఒప్పుకున్నడా? ఒప్పుకుంటే ఆ రోజుతోటి అయిపాయె." ఆగాడు. "మంచిగున్నది ఇది." పక్కనున్న ఫోను తీసి టైపు చేయసాగాడు. తెర వెలుగులో ఆమెకు మొదటి రెండు ముక్కలు కనిపించాయి. పదో పాఠం.

ఆమె లేచి గిన్నెలు తోమడానికి వెళ్లలేదు. అలాగే ఎదురుగా కూర్చుని ఆయన టైపు చేయడం చూసింది. తనకు నిద్రపట్టని సంగతి ఒకటి ఆయన వేలి కింద నాలుగు వాక్యాలు అవుతోంది. ఇన్నాళ్లూ ఈయనను చూసి కుళ్లుకున్నాను, ఈయన నా మాట చివరిదాకా వినాలని ఆశపడ్డాను అనుకుంది. అలా అనుకున్నాక ఆమెకు ఆయన మీద కుళ్లు లేదు. సృజన మీద ఉంది. అది ఇంకా అలాగే ఉంది.

మర్నాడు పదకొండింటికి రోజారాణి మేడం వచ్చింది. అందరూ చాపల మీద కూర్చున్నారు. అక్కడ ఒక అలవాటు ఉంది. ఎవరూ తమ పేరు తాము చెప్పుకోరు. ఇంకొకరు చెప్పాలి. అప్పుడు ఆమె, అమ్మో నాతోని ఏడయితది అనాలి. మళ్లీ బతిమాలాలి. మేడం అడగ్గానే సృజన లేచింది. "నా పేరు రాసుకోండ్రి మేడం." గదిలో గుసగుసలయ్యాయి. "ఎంత ధైర్యమే దీనికి," అన్నారు వెనక ఎవరో. సృజన అన్న ఆ ఒక్క వాక్యానికి శ్యామలకు మళ్లీ కాలింది.

"చొక్కాలు పాడైనయంట గదా?" అంది మేడం. "సమ్మవ్వకు చూపు ఆనకుంటే ఆమెను మానిపిద్దాం. పాపం పెద్దమనిషి."

సమ్మవ్వ చీర కొంగుకు అంటుకున్న దారపు ముక్కలు ఏరుకుంటోంది.

శ్యామల లేచి నిలబడింది.

"సమ్మవ్వ తప్పు కాదు మేడం. చీటీలు మారినయి. మార్చి పెట్టింది సృజన, ఆమెకు తెల్వక. మారినయని నాకు తెల్సు. నేను చూసిన. చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

ముప్పైమూడు మంది ఆమె వైపు చూస్తున్నారు. ఎవరూ కదలలేదు. ఎవరూ పిలవలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే ఉంది. ఆమె మాట చివరిదాకా వెళ్లడానికి ఏ అడ్డూ లేదు.

"ఓర్వలేక," అంది శ్యామల. "ఆ పిల్లను చూసి ఓర్వలేక చెప్పలే. నూటడెబ్బై అంగీల కుట్లు నేను విప్పుత. మల్ల నేనే కుడుత. సమ్మవ్వను మాత్రం ఏమనకుండ్రి."

"సరే మరి. అయితే నువ్వు తప్పుకున్నట్టేనా?"

"తప్పుకుంటలేను మేడం. నా పేరు కూడ రాసుకోండ్రి."

వెనక నుంచి ఎవరో నవ్వారు. ఎవరో "అబ్బో" అన్నారు. మేడం ఇద్దరి పేర్లూ రాసుకుని, చేతులెత్తేటప్పుడు మొహమాటం ఉండొద్దని ఇద్దరినీ బయటికి పొమ్మంది.

వరండాలో ఎండ గడప దాకా వచ్చింది. సృజన గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీ లేకుండా చూస్తే చిన్నపిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకు చెప్తే ఏం పోతుండె అక్కా నీకు?"

"ఏం పోకపోతుండె."

"సమ్మవ్వ మీదికి నేను తోయొద్దనుకున్న. నోట్లకెల్లి అట్ల వచ్చింది. సార్ చెప్పిండు గదా, తప్పు మన చేతికి అంటనీయొద్దని. మల్ల అడిగితే మాట్లాడొద్దని. నేను అన్నీ రాసుకున్న."

"సార్‌వి కావు అవి," అంది శ్యామల. "నేను చెప్పినయి. తొమ్మిదీ నేను చెప్పినయే."

ఇన్నాళ్లూ ఎవరితోనన్నా అనాలని ఆరాటపడిన మాట అది. రెండువందల మంది ముందు మైకులో అనాలనుకున్నది. ఇప్పుడు ఒక్క మనిషి ముందు, తప్పు ఒప్పుకున్నట్టుగా వచ్చింది.

సృజన చాలాసేపు ఆమెను చూసింది. ఇది ఆ చూపు కాదు. "నువ్వు చెప్పినవా? మరి పోయిన పదిహేను రోజులు నువ్వు ఒక్కటి చెయ్యకపోతివి?"

"రాలే నాకు. మొన్న ఒకటి చేసిన. చూసినవు గదా."

లోపల మేడం ఒక పేరు చదివింది. ఎవరి పేరో వినపడలేదు. గాజుల చప్పుడయింది. చేతులు ఎత్తుతున్నారు.

"మరి ఆ రత్నాంబల నీకు ఏం నచ్చింది అక్కా?" అంది సృజన. "అంతగనం చూసినవు."

శ్యామల ఆలోచించింది. తొందర లేదు, ఎవరూ పిలవడం లేదు.

"ఆమెకు ఆకలైతే ముందుగాల ఆమెనే తింటది," అంది. "అదొక్కటి ఆయనకు చెప్పలే నేను."

సృజన నవ్వబోయి ఆగింది. తలుపు తీసి ఎవరో ఇద్దరినీ లోపలికి రమ్మన్నారు. సృజన గబగబా ముందు నడిచింది. శ్యామల ఫోను తీసి రాజేశంకు చేసింది. ఆయన వేసవి క్లాసులో ఉన్నట్టున్నాడు, గొంతు తగ్గించి ఏందే అన్నాడు.

"ఈ వారమంత నేను పొద్దుమూకిన దాక ఈడనే ఉంట. అంగీలు విప్పేది ఉన్నది," అంది శ్యామల. "రొట్టెలు నువ్వు చేసుకో."

"ఏంది? మల్ల చెప్పు, ఇనపడలే."

శ్యామల ఫోను పెట్టేసి లోపలికి వెళ్లింది.